నల్లమట్టి సీసాలు: సముద్రం అడుగు ఊటల మీద మా ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, మొదలు

ఈ ఏడాది సైన్స్ ప్రదర్శనకి వంటసోడా, వెనిగర్ పోసి పొంగించే అగ్నిపర్వతం వద్దని పిల్లలే అన్నారు. బురద అగ్నిపర్వతం చేద్దామన్నాను. దాంతోపాటు, అలాంటి చోట్ల సముద్రం అడుగున జీవం ఎలా నిలబడుతుందో చూపించే మట్టి సీసాలు కూడా పెడదామన్నాను. తొమ్మిదో తరగతి నుంచి నలుగురు జట్టు కట్టారు. నేను గుంటూరులో ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఈ డైరీ మా జట్టు కోసం రాస్తున్నది, ఇలాంటిది మొదలుపెట్టాలనుకునే వేరే టీచర్లకూ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

బురద అగ్నిపర్వతంలో లావా ఉండదు. నదులు తెచ్చిన మెత్తటి బంకమట్టి సముద్రం అడుగున వేగంగా పేరుకుపోతే, అందులోని నీళ్లు బయటికి పోయేలోపే పైన ఇంకో పొర పడుతుంది, దాని మీద మరొకటి. నీళ్లు లోపలే చిక్కుకుపోతాయి. మట్టిలో కలిసిన ఆకూ అలమూ, చచ్చిన జీవాల అవశేషాలూ కుళ్లి పుట్టిన గ్యాస్ కూడా అక్కడే ఉండిపోతుంది. మట్టి రేణువులు మోయాల్సిన బరువులో చాలా భాగం ఆ నీళ్ల మీద పడుతుంది. ఒత్తిడి పెరిగి పెరిగి, ఎక్కడ పగులు దొరికితే అక్కడినుంచి బురదా నీళ్లూ గ్యాసూ కలిసి తన్నుకొస్తాయి. ఆ గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేన్. అజర్‌బైజాన్‌లో ఇలాంటివి 300కు పైగా ఉన్నాయి. మన దేశంలో అండమాన్ దీవుల్లో బారాటాంగ్‌కి వెళ్తే చూడొచ్చు. ఇండోనేషియాలో సిదొఆర్జో దగ్గర 2006 మే 29న మొదలైన లూసీ అయితే ఊళ్లకు ఊళ్లనే ముంచేసింది. దానికి కారణం దగ్గర్లో జరుగుతున్న బావి తవ్వకమా, రెండు రోజుల ముందు యోగ్యకర్త దగ్గర వచ్చిన భూకంపమా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

పిల్లలకి వీటన్నిటికన్నా కృష్ణ సంగతి ఎక్కువ పట్టింది. వరదల్లో ప్రకాశం బ్యారేజీ దాటిన ఎర్రనీళ్లు హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తాయి కదా, ఆ మట్టంతా ఏమవుతుంది మేడం అని ఒకడు అడిగాడు. కృష్ణా గోదావరీ లక్షల ఏళ్లుగా మోసుకెళ్లిన మట్టి బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన ఉంది. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద జోయిడెస్ రిజల్యూషన్ అనే నౌక వచ్చి అక్కడ తవ్వింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో ఒకచోట బంకమట్టి పగుళ్లలో సుమారు 130 మీటర్ల మందాన గ్యాస్ హైడ్రేట్ కనబడింది. చలికీ ఒత్తిడికీ నీటి అణువుల గూళ్లలో మీథేన్ ఇరుక్కుని గట్టిపడితే అదే హైడ్రేట్. ఒక ఘనపు మీటరు హైడ్రేట్ విడిపోతే 160 ఘనపు మీటర్లకు పైగా మీథేన్ బయటికొస్తుంది. తర్వాత 2018లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు సింధు సాధన నౌక మీద వెళ్లి, అదే బేసిన్‌లో వెయ్యి మీటర్లకు పైబడిన లోతులో మీథేన్ ఊరే చోట్లు కనిపెట్టారు. ఆ ఊటల దగ్గర ఆల్చిప్పల జాతి జీవాలు దొరికాయి.

మన నది తీసుకెళ్లిన మట్టి మీదే ఆ జీవాలు బతుకుతున్నాయి. ప్రాజెక్టు అంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరగాలని ఆ రోజే అనుకున్నాం.

ఆగస్టు, మట్టి కోసం

రెండు రకాల మట్టి కావాలి. ఒకటి మంచినీళ్ల కింది మట్టి, ఇంకొకటి ఉప్పునీళ్ల కింది మట్టి. ఈ రెండిటి తేడాలోనే మొత్తం కథ ఉంది కాబట్టి ఇక్కడ తొందరపడలేదు.

మొదటిది తేలిక. తెనాలి దగ్గర మా మావయ్య పొలం పక్క పంటబోదె అడుగున గడ్డి కుళ్లిన మట్టి బకెట్టుతో తీసుకున్నాం. సార్వా నాట్లు అయిపోయి పొలం నిండా నీళ్లున్నాయి. కాలు పెడితే చాలు, మడమ చుట్టూ బుడగలు లేస్తున్నాయి. మావయ్య "ఇవి ఎప్పుడూ ఉండేవేనమ్మా, పొలం ఊపిరి తీసుకుంటోంది" అన్నారు. ఆ బుడగల్లో ఉన్నదీ మీథేనే. 1776 నవంబరులో ఇటలీలో అలెస్సాండ్రో వోల్టా మజ్జోరే సరస్సు ఒడ్డున బురదని కర్రతో కదిపి, లేచిన బుడగల్ని సీసాలో పట్టుకుని వెలిగించి చూశాడు. బ్యాటరీతో పేరు రాకముందు ఆయన చేసిన పని ఇది. మేమూ అదే చేశాం. నీళ్లు నింపిన సీసా మూతికి గరాటు బిగించి తలకిందులుగా నీళ్లలో పట్టుకుంటే, పిల్లలు కర్రతో బురద కదిపారు. సీసాలో గ్యాస్ చేరి నీళ్లు దిగుతూ వచ్చాయి. వెలిగించే పని మాత్రం నేనే, గట్టు మీద, అందరినీ దూరంగా నిలబెట్టి చేశాను. పగటి వెలుతురులో సరిగా కనబడనంత లేత నీలం మంట ఒక్క క్షణం వెలిగి ఆరిపోయింది. ఇది స్కూలు గదిలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు.

రెండో మట్టికి నిజాంపట్నం వైపు వెళ్లాం. మడ చెట్ల పక్కన పోటు నీళ్లు ఎక్కి దిగే చోట పైన బూడిదరంగు, వేలెడు లోతులో కాటుక నలుపు. పార దిగగానే కుళ్లిన గుడ్డు వాసన. అక్కడ రొయ్యల చెరువు చూసుకునే ఆయన మా బకెట్లు చూసి, "టీచరమ్మా, ఈ నల్లమట్టి కోసమా ఇంత దూరం వచ్చారు? మేం దీన్ని వదిలించుకోడానికి ఎంత ఖర్చు పెడతామో మీకు తెలీదు" అన్నారు. మిగిలిపోయిన మేత చెరువు అడుగున చేరి కుళ్లితే గ్యాస్ పుడుతుందనీ, అప్పుడు రొయ్య అడుగున నిలవలేక పైకి వచ్చేస్తుందనీ, ఏరియేటర్లు తిప్పుతూనే ఉండాలనీ ఆయన చెప్పింది పిల్లలు నోట్సులో రాసుకున్నారు. హైడ్రోజన్ సల్ఫైడు ఏం చేస్తుందో నేను క్లాసులో ఇంతకన్నా బాగా చెప్పలేను.

సీసాలు పెట్టడం

కిరాణా కొట్లో చాక్లెట్లు అమ్మే పెద్ద పారదర్శక సీసాలు తెచ్చాం. రాళ్లూ వేర్లూ ఏరేసిన మట్టిలో సన్నగా తరిగిన వరిగడ్డి, కొంచెం సుద్దపొడి కలిపి, మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ నింపి, అదే చోటు నీళ్లు పైన పోశాం. మట్టి నింపేటప్పుడు గాలి గదులు మిగలకుండా కర్రతో కుదేయాలి. మూత వదులుగానే ఉంచాలి, బిగిస్తే గ్యాస్‌కి సీసా ఉబ్బుతుంది. ఒక్కో మట్టికి రెండు సీసాలు: ఒకటి కిటికీ పక్కన, ఇంకొకటి నల్లగుడ్డ చుట్టి బీరువా కింద. సీసాలన్నీ వరండా వైపు గాలి ఆడే చోటే పెట్టాం. హైడ్రోజన్ సల్ఫైడు తక్కువగా ఉన్నప్పుడు ముక్కు వెంటనే పట్టేస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కుకి వాసన తెలియడమే ఆగిపోతుంది, ప్రమాదం అక్కడే. మా సీసాల్లో అంత పుట్టదు, అయినా అలవాటు ముందునుంచీ ఉండాలి.

సెప్టెంబరు

పంటబోదె సీసాలో మట్టి నిండా బుడగలు. గోడకి ఆనుకుని చిన్న చిన్న పగుళ్లు పడి, వాటిలో గ్యాస్ నిలిచి ఉంది. సైకిల్ చువ్వతో గుచ్చితే గుప్పున లేస్తుంది. వాసన పెద్దగా లేదు.

మడ మట్టి సీసా పూర్తిగా నల్లబడింది. బుడగలు లేవనే చెప్పాలి. వాసన మాత్రం మూత తీయనివ్వడం లేదు.

రెండిట్లోనూ ఒకే వరిగడ్డి వేశాం. మరి తేడా ఎందుకొచ్చింది? లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది, కాలువ నీళ్లలో దాని లెక్క చాలా తక్కువ. ఆక్సిజన్ అయిపోయిన మట్టిలో కుళ్లే పదార్థం కోసం బ్యాక్టీరియాకీ ఆర్కియాకీ (చూడటానికి బ్యాక్టీరియాలాగే ఉండే వేరే వర్గం సూక్ష్మజీవులు) పోటీ ఉంటుంది. సల్ఫేటు ఉంటే, దాన్ని వాడుకునే బ్యాక్టీరియాదే పైచేయి. అవి హైడ్రోజన్ సల్ఫైడు వదులుతాయి, అది మట్టిలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. సల్ఫేటు లేని చోట మీథేన్ తయారుచేసే ఆర్కియాకి దారి దొరుకుతుంది.

సముద్రం అడుగున ఈ రెండు సీసాలూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టే ఉంటుంది. పైపొరల్లో సముద్రపు నీటినుంచి దిగిన సల్ఫేటు, అది అయిపోయిన లోతులో మీథేన్. ఊట ఉన్న చోట ఆ మీథేన్ పగుళ్ల వెంట పైకి పాకుతుంది, సల్ఫేటు పైనుంచి దిగుతుంది, నడుమ ఒకచోట రెండూ కలుస్తాయి. అక్కడ ఆర్కియా, సల్ఫేటు బ్యాక్టీరియా జట్టుగా మీథేన్‌ని తినేస్తాయి. అంటే ఆర్కియా మీథేన్‌ని విడగొడితే, పక్కనున్న బ్యాక్టీరియా సల్ఫేటుని సల్ఫైడుగా మారుస్తుంది. ఒకటి లేకపోతే రెండోదానికి పని సాగదు. అమెరికాలో ఆరెగాన్ తీరానికి అవతల హైడ్రేట్ రిడ్జ్ మట్టిలో ఈ జట్టుని గుర్తించి 2000లో ప్రచురించారు. లోపల సుమారు వంద ఆర్కియా కణాలు, వాటి చుట్టూ దాదాపు రెండు వందల బ్యాక్టీరియా కణాలు గుండ్రంగా అతుక్కుని ఉన్నాయి. సముద్రపు మట్టిలో పుట్టే మీథేన్‌లో 90 శాతం దాకా నీళ్లలోకి రాకముందే ఇలా ఖర్చయిపోతుందని అంచనా. ఈ చిన్న కణాలే లేకపోతే మన వాతావరణం సంగతి వేరేగా ఉండేది.

దీన్ని మా సీసాలో చూపించడం కుదరదు. ఆ జట్టు ఒకసారి రెట్టింపు కావడానికే నెలలు పడుతుంది. అందుకే ఆ భాగానికి ఎర్రపూసలు లోపల, ఆకుపచ్చ పూసలు బయట పెట్టి ఒక బంతి కట్టమన్నాను. సీసాలో జరిగేది ఏదో, బొమ్మ ఏదో చూసేవాళ్లకి తెలియాలి కాబట్టి, పూసల బంతి కింద "ఇది నమూనా" అని పెద్ద అక్షరాలతో రాయించాను.

అక్టోబరు, తెల్లటి పొర

ఈ నెలంతా నాకు ఇదే. చీకట్లో పెట్టిన మడ మట్టి సీసాలో, మట్టి పైభాగం మీద పలచటి తెల్లపొర కట్టింది. పాల మీద మీగడ కట్టడం మొదలైనప్పుడు ఎలా ఉంటుందో అలా, ఒకచోట పట్టి ఒకచోట విడిపోయి ఉంది. సీసా కదిపితే పొర చెదిరి, కొంతసేపటికి మళ్లీ అతుక్కుంటుంది.

డ్రాపరుతో చిటికెడు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాం. పొడవాటి దారాలు. ఒక్కో దారం లోపల మెరిసే కణికలు వరసగా ఉన్నాయి. అవి గంధకం. దారం నిలకడగా ఉండకుండా మెల్లగా జారుతూ, వంగి, మళ్లీ జారుతోంది. "మేడం, ఇది నడుస్తోంది" అని అరిచింది మా జట్టులో చిన్నది. మిగతా క్లాసంతా వచ్చి వరసలో నిలబడింది.

ఇది బెగియాటోవా రకం బ్యాక్టీరియా. కిందనుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడునీ పైనుంచి దిగే ఆక్సిజన్‌నీ కలిపి, ఆ చర్యలో వచ్చే శక్తితో బతుకుతుంది. అందుకే రెండూ అందే ఆ సన్నటి అంచుని వదలదు. సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ 1880లలో దీన్ని గమనించే, వెలుతురు లేకుండా రసాయనాల శక్తితో బతికే జీవులుంటాయని తేల్చాడు. సల్ఫైడు అందకపోతే లోపలి గంధకం కణికలు కరిగిపోతాయని ఆయన చూశాడు. మేం కొన్ని దారాల్ని సల్ఫైడు లేని ఉప్పునీళ్ల చుక్కలో మూతపెట్టి ఉంచాం. మర్నాటికి కణికలు బాగా పలచబడ్డాయి, కొన్నిట్లో అసలు లేవు. నిల్వ ఉంచుకున్న తిండి ఖర్చుపెట్టుకోవడం కళ్లెదుట కనబడింది.

నార్వేకి ఉత్తరాన సుమారు 1,250 మీటర్ల లోతులో హోకోన్ మోస్బీ అనే బురద అగ్నిపర్వతం ఉంది. దాని మీద ఇదే తెల్లటి పొర బీళ్లు బీళ్లుగా పరుచుకుని ఉంటుంది. నీళ్ల వేడి సున్నా డిగ్రీలకన్నా తక్కువే. నిజాంపట్నం మట్టిలో మేం చూసినదీ అక్కడున్నదీ ఒకే వృత్తి చేసుకునే జీవాలు.

కిటికీ పక్క సీసాల్లో వేరే రంగులు వచ్చాయి. గోడ వెంబడి ఆకుపచ్చ, ఒకచోట వంకాయరంగు. ఇవి సల్ఫైడుతోపాటు వెలుతురునీ వాడుకునే బ్యాక్టీరియా. అందంగా ఉన్నాయి గానీ మన కథలోవి కావు. పోల్చడానికి మాత్రం పక్కన పెట్టాం.

నవంబరు, పోస్టరు మీద చర్చ

పిల్లలు పోస్టరుకి "సూర్యుడితో సంబంధం లేని జీవం" అని పేరు పెట్టుకొచ్చారు. ఎక్కడ చదివినా ఇలాగే ఉంటుంది. నాకు ఒప్పుదలగా లేదు. వాళ్లతో కూర్చుని వెనక్కి లెక్క వేయించాను.

తెల్లపొర వాడే ఆక్సిజన్ ఎక్కడిది? పైన వెలుతురులో మొక్కలూ నాచూ వదిలినది. హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కడిది? కుళ్లిన పదార్థం వల్ల, లేదా మీథేన్ వల్ల. కృష్ణా-గోదావరి బేసిన్ మీథేన్ ఎక్కువగా సూక్ష్మజీవులు తయారుచేసినదే, అవి తిన్నది మట్టితోపాటు పూడిపోయిన జీవుల అవశేషాల్ని. వాటిలో కొంత సముద్రపు నాచు, కొంత నదులు తెచ్చిన ఆకూ అలమూ. అంటే ఆ ఊటల దగ్గర జీవం ఎప్పటిదో ఎండని ఇప్పుడు వాడుకుంటోంది. సూర్యుడు అక్కర్లేదనడం తప్పు. ఇవాళ్టి వెలుతురు అక్కర్లేదనాలి. ఈ తేడా చిన్నదిగా అనిపించవచ్చు, కానీ నాకు ప్రాజెక్టు మొత్తంలో ముఖ్యమైనది ఇదే. ఆ లోతు వేరే గ్రహం కాదు. మన పొలాలతో, కాలువలతో దానికి లెక్కాపత్రం ఉంది.

చివరికి పోస్టరు పేరు "పాత ఎండతో బతికే జీవాలు" అయింది. పేరు పెట్టింది పిల్లలే.

అందులో గొట్టపు పురుగులకి ఎక్కువ చోటిచ్చాం. 1977లో గాలపాగోస్ దగ్గర వేడినీటి బుగ్గల పక్కన ఇలాంటి జీవాలు మొదట కనబడ్డాయి. వేడి లేని మామూలు ఊటల దగ్గర కూడా ఉంటాయని ఫ్లోరిడా అవతల మూడు వేల మీటర్లకు పైగా లోతులో తేలింది, ఆ పరిశోధన 1984లో ప్రచురించారు. మెక్సికో సింధుశాఖలో ఉండే లామెల్లిబ్రాకియా అనే పురుగుకి నోరు లేదు, పేగు లేదు. పై కొసన ఎర్రటి కుచ్చుతో ఆక్సిజన్ తీసుకుంటుంది. కింది కొస వేరులా మట్టిలోకి దిగి సల్ఫైడు పీల్చుకుంటుంది. ఒళ్లంతా నిండిన బ్యాక్టీరియా ఆ రెండిటితో తిండి వండి పెడుతుంది. రెండు మీటర్ల పొడవు పెరగడానికి 170 నుంచి 250 ఏళ్లు పడుతుందని లెక్కగట్టారు. గుంటూరు జిల్లా ఇంకా కంపెనీ వాళ్ల చేతుల్లో ఉన్న కాలంలో మొలిచిన పురుగు ఇప్పటికీ బతికి ఉండొచ్చని చెబితే పిల్లలు కాసేపు మాట్లాడలేదు. నమూనాకి తెల్ల స్ట్రాలు, ఎర్ర ఊలు వాడాం. ఇక్కడ కృష్ణా-గోదావరి ఊటల్లో ముఖ్యంగా దొరికినవి ఆల్చిప్పల జాతివి కాబట్టి, గొట్టపు పురుగుల పక్కన "మెక్సికో సింధుశాఖ" అని చీటీ అంటించాం, చూసేవాళ్లు కలిపేసుకోకుండా.

డిసెంబరు, బురద తొట్టి

పాత అక్వేరియం తొట్టి. అడుగున బెంటొనైట్ బురద నింపిన దళసరి పాలిథిన్ సంచి. బెంటొనైట్ పైలింగ్ పనులు చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది, నీళ్లలో కలిపి ఒక రాత్రి నాననివ్వాలి. సంచి మూతికి మెడికల్ షాపులో కొన్న సెలైన్ గొట్టం, దానికి ఉండే చక్రం క్లిప్పే మన కవాటం. గొట్టం రెండో కొస పైకి తీసి ఇసుకలోంచి బయటికి పెట్టాం. సంచి మీద ఇసుక కొంచెం కొంచెంగా పోయాలి. ఆ ఇసుకే నది తెచ్చే మట్టి.

క్లిప్పు మూసి ఉంచి ఇసుక పోసేకొద్దీ సంచి బిగుసుకుంటుంది. వేలితో నొక్కి చూస్తే తెలుస్తుంది. క్లిప్పు వదలగానే బురద పైకొచ్చి కుప్ప పడుతుంది. చిక్కటి బురద కలిపినప్పుడు నిటారు కుప్ప వచ్చింది, పలచగా కలిపినప్పుడు అట్టులా పరుచుకుపోయింది. నిజం బురద అగ్నిపర్వతాల్లోనూ ఆకారం చాలావరకు బురద చిక్కదనం మీదే ఆధారపడుతుంది. అక్వేరియం పంపు గొట్టాన్ని దాంట్లోకి కలిపితే బుడగలు కూడా లేచాయి, కుప్ప నెత్తిన చిన్న గుంట పడింది. గొట్టాన్ని తొట్టి గోడకి ఆనించి పెడితే బురద గోడ వెంటే జారి వస్తోంది, మధ్యలోకి జరిపితేనే కుప్ప కుదురుగా వస్తోంది. ఇది చేసేవాళ్లు మొదటే గుర్తుపెట్టుకోండి.

జనవరి, ప్రదర్శన

జనం తొట్టి దగ్గర ఆగారు, సీసాల దగ్గర వాసనకి వెనక్కి జరిగారు, మైక్రోస్కోపు దగ్గర మాత్రం కదల్లేదు. అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: ఆ గ్యాస్ తీసి వాడుకోవచ్చా? మా పిల్ల చెప్పిన జవాబు నాకు నచ్చింది. "హైడ్రేట్ నుంచి గ్యాస్ తీయడం మీద మన దేశంలోనూ జపాన్‌లోనూ పరిశోధన జరుగుతోందండి, వ్యాపారంగా ఇంకా మొదలవలేదు. అయితే ఊటల దగ్గరున్న జీవాలు ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు పూర్తి కాకముందే అక్కడ తవ్వకూడదు." ఈ చివరి మాట నేను నేర్పింది కాదు. నా అభిప్రాయం కూడా అదే.

ఒక రైతు మాత్రం పంటబోదె సీసా ముందు చాలాసేపు నిలబడి, పొలంలో నీళ్లు మధ్యమధ్యలో ఆరగడితే ఈ గ్యాస్ తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. మట్టికి గాలి తగిలితే మీథేన్ చేసే ఆర్కియా పని ఆగుతుంది. ఆరుతడి పద్ధతి గురించి వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పేదాంట్లో ఇదీ ఒక భాగమే. ఆ సీసాకి ఇలాంటి ఉపయోగం ఉందని నేను అనుకోలేదు. వచ్చే ఏడాది పోస్టర్లో దానికి చోటివ్వాలి.

తర్వాతి పని

సీసాలు తీసేయలేదు, ల్యాబులోనే ఉన్నాయి. ఇప్పుడు పంటబోదె మట్టితోనే మరో వరస పెడుతున్నాం. ఒకదాంట్లో కాలువ నీళ్లే, మిగతావాటిలో సముద్రపు నీళ్లు కొంచెం కొంచెం ఎక్కువగా కలిపి. ఏ స్థాయి దగ్గర బుడగలు తగ్గి నలుపు మొదలవుతుందో చూడాలి. సముద్రపు నీళ్లు దొరకని ఊళ్లవాళ్లు ఎరువుల కొట్లో అమ్మే జిప్సమ్ వాడొచ్చు, దాంట్లో సల్ఫేటు ఉంటుంది. లీటరు నీళ్లకి చెంచాడు వేసి, బాగా కలిపి, తేరిన నీళ్లు మాత్రమే పోయాలి. మూతలు వదులుగా, సీసాలు గాలి ఆడే చోట, చేతులకి గ్లవుజులు. ఫలితాలు వేసవి సెలవుల తర్వాత రాస్తాను.